శామ్యూలన్న చొక్కా మీద ఎర్ర అక్షరాలు

కాన్వెంటులో నాకు బహుమతిగా ఇచ్చిన రంగుల సీసాలను పెదనాన్న కొడుకు శామ్యూలన్న అడగకుండా వాడుకుని, మూతలు పెట్టకుండా వదిలేశాడు. అన్నీ రాళ్ళలా ఎండిపోయాయి. నేను ఏడిస్తే నవ్వాడు. గోరువెచ్చని నీళ్ళు, తుమ్మబంక, కాస్త గ్లిజరిన్ కలిపి వాటిని మెల్లగా బతికించుకున్నాను.

నిన్న మళ్ళీ వచ్చాడు. యువజన సంఘం కార్యదర్శి అయ్యాడట, చర్చిలో తన కుర్చీకి వీపు ఆనించే వైపు పేరు రాసుకోవడానికి ఎరుపు కావాలట. గ్లిజరిన్ ధారాళంగా పోసి ఇచ్చాను. అంత పోస్తే మన సముద్రపు గాలికి రంగు ఆరదు.

ఈ రోజు ఆరాధన అయ్యాక అతను లేచి నిలబడితే, తెల్ల చొక్కా వీపు మీద అతని పేరు తిరగబడి అచ్చయి ఉంది. ఆడవాళ్ళ వరుసంతా ముసుగుల చాటున నవ్వింది.

"ఏం కలిపినావు మే దాంట్లో?" అని ఇంటికొచ్చి అరిచాడు.

"ఎండిపోకుండా మందు కలిపినానన్నా. ఈసారి నువ్వు మూత పెట్టకపోయినా ఏం గాదు" అన్నాను.

ఇప్పుడు బావి దగ్గర కూర్చుని చొక్కాను కిరసనాయిలుతో రుద్దుతున్నాడు. ఉత్త నీళ్ళలో నానబెడితే పోతుందని నాకు తెలుసు. మీరైతే చెప్తారా?