అమ్మ ఊడ్చిన ఇసుక

మా అమ్మ శాంతవ్వ లేవగానే ముందు ముఖం కడుక్కోదు, వాకిలి ఊడుస్తుంది. జగిత్యాల దగ్గర మా ఊళ్లోనూ అంతే, ఇక్కడ మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లోనూ అంతే. మేము అద్దెకుండే పోర్షన్ ముందు సిమెంటు నేల, ప్రహరీ అవతల రాళ్లు. సిమెంటు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేశాక ఆ రాళ్లనేల కూడా కాస్త ఊడ్చి వస్తుంది.

"అది గవర్నమెంటు జాగనే. నీకెందుకే?" అంటాడు బాపు.

"గవర్నమెంటోళ్లు ఊడుస్తున్నరా మరి?" అంటుంది అమ్మ.

బాపు పేరు భూమయ్య. తోటల పని చేసే కంపెనీలో ఫోర్‌మన్. నేను పుట్టకముందే ఒమాన్ వచ్చాడు. అమ్మ ఊళ్లో బీడీలు చుడుతూ నన్ను పెంచింది. రెండేళ్లకోసారి వచ్చే మనిషితో ఏం మాట్లాడాలో తోచక మొదటి నాలుగు రోజులూ వంటింట్లోనే పని కల్పించుకునేదట. బాపుకు ఫ్యామిలీ వీసా దొరికినప్పుడు నా ఇంటర్ మధ్యలో ఆగింది, ఇద్దరం వచ్చేశాం. వచ్చాక కూడా అమ్మకు తెలిసింది ఇల్లూ, కూరగాయల కొట్టూ. సముద్రం దగ్గర్లోనే ఉందని విన్నది కానీ చూడలేదు. బాపుకు శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ రోజంతా నిద్రపోతాడు.

పోయిన వేసవి మొదట్లో, సూర్ పట్టణం దాటాక ఉన్న తాబేళ్ల తీరానికి కుటుంబాలతో రమ్మని కంపెనీకి పిలుపు వచ్చింది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట అలలు తెచ్చి పడేసిన తెగిన వలలూ ప్లాస్టిక్కూ ఏరాలి. జీతం ఉండదు, తిండీ గుడారమూ వాళ్లే ఇస్తారు. బాపు అందరికంటే ముందు పేరిచ్చాడు.

"సెలవుల గూడ పనేనా భూమన్నా?" అని సైట్‌లో నవ్వారట.

"మా ఇంటామెకు సముద్రం సూపిచ్చుకొస్త" అన్నాడట.

బస్సులో ఎక్కువమంది ఆఫీసు వాళ్లే. మస్కట్‌లోనే దార్సైట్‌లో ఉండే కుల్సుమ్ ఆంటీ మా పక్క సీట్లో కూర్చుంది. వాళ్లది కడప, భర్త మా కంపెనీ ఆఫీసులోనే. సూర్ చేరేలోపు అమ్మను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

తీరంలో మమ్మల్ని కలిసిన కాపలా ఉద్యోగి ఫహద్ ఒమానీ. హిందీ బాగా మాట్లాడతాడు. చీకటి పడ్డాక ఒడ్డుకు పోకూడదు, లైట్లు వేయకూడదు అని చెప్పి, ఇసుకదిబ్బల వెనక గుడారాలు వేయించాడు. తాబేళ్లు అంత దూరం రావన్నాడు. సాయంత్రం దాకా వలలు లాగి కుప్పలు వేశాం. పని అయ్యాక అమ్మ నీళ్లకు కాస్త దూరంగా కూర్చుంది.

"ఇది ఊకుంటదా ఎప్పుడన్న?" అని అడిగింది.

"ఊకోదు. నీ లెక్కనే" అన్నాడు బాపు.

తెల్లారి చీపురు చప్పుడుకు మెలకువ వచ్చింది. అమ్మ ఇంటి నుంచి చీపురు తెచ్చుకుందని అప్పటిదాకా మాకు తెలియదు. గుడారం ముందు, మూడు ఇళ్ల వాకిళ్లంత మేర ఇసుక నున్నగా ఉంది. అక్కడక్కడా నీళ్లు చల్లిన తడి. అమ్మ వంగి బియ్యప్పిండితో ముగ్గు వేస్తోంది.

"రాత్రి ట్రాక్టరేదో తిరిగినట్టుంది బిడ్డా. అంత గుంతలు గుంతలు జేసిపెట్టిండ్రు. సాపు జేసిన" అంది.

అప్పుడే ఫహద్ దిబ్బ ఎక్కి వస్తున్నాడు. రోజూ పొద్దున్నే తాబేళ్ల జాడలు లెక్కపెట్టి, చూసిన జాడకు అడ్డంగా కర్రతో గీత గీసుకుంటూ వస్తాడు. ఒక జాడ వెంట తల వంచుకుని నడిచి వచ్చి, అమ్మ ఊడ్చిన అంచు దగ్గర ఆగిపోయాడు. ముగ్గు వైపు చూశాడు.

"ఇది ఎవరు చేశారు?" అన్నాడు హిందీలో.

విషయం నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తాబేలు జాడ ట్రాక్టరు చక్రం అచ్చులాగే ఉంటుందట. రాత్రి ఒకటి దిబ్బ దాటి మా గుడారాల దాకా వచ్చింది. అది రెండు మూడు గుంతలు తవ్వి, ఒక్కదాంట్లో గుడ్లు పెట్టి, ఇసుక చిమ్మి పోతుంది. గుడ్లు ఎక్కడున్నాయో చెప్పేది ఆ గుర్తులే. ఇంకాసేపట్లో వలల కుప్పలు ఎత్తుకుపోవడానికి లారీ రావాలి, అది వచ్చే దారి ఇదే. లారీ బరువుకు లోపల ఏదీ మిగలదు.

"ఏమంటుండే?" అని అమ్మ నన్నడిగింది. చెప్పాను.

"గుడ్లా? నా కాళ్ల కిందనా?"

వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. కాలు తీసి ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. బాపు వచ్చి, అమ్మ అడుగులు పడిన చోటే అడుగు వేసుకుంటూ వెళ్లి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

ఈలోపు అందరూ లేచారు. ఆఫీసు సారు ఒకాయన బాపు మీద విసుక్కున్నాడు. "ఫోర్‌మన్, మీ వాళ్లకు రూల్స్ చెప్పలేదా?"

"చెప్పిన సార్. ఊడ్వద్దని రూల్‌ల లేకుండె."

ఎవరో కిసుక్కుమన్నారు. ఫహద్ నవ్వలేదు. ఇక్కడివాళ్లు ప్రతిదానికీ అనే 'మాఫీ ముష్కిల్', ఏం పర్వాలేదు అనే మాట, ఆ పూట ఆయన నోట రాలేదు. ఊడ్చేటప్పుడు ఇసుక ఎక్కడైనా తడిగా అనిపించిందా అని మాత్రం అడిగాడు. కొత్తగా తవ్విన చోట లోపలి తడి ఇసుక పైకొస్తుందట.

అమ్మ చాలాసేపు చూసింది. "రెండు తావుల పచ్చిగుండె. తడి ఉందిగదా అని ఆడ నీళ్లు సల్లలే" అని చూపించింది. ఆయన రెండు చోట్లా కర్రలు పాతి తాడు కట్టాడు. అయినా నమ్మకం కుదరలేదు. లారీ రోడ్డు మీదే ఆగాలి, వలలు చేతుల మీద మోయాలి అన్నాడు. గుడారాలు కూడా పీకించాడు. పిండి వాసనకు నక్కలొస్తాయంటే, అమ్మ దోసిళ్లతో ముగ్గు ఇసుక ఎత్తి కవర్లో పోసింది.

రోడ్డు దూరం. తడిసిన వల ఒక్కో చుట్ట ఇద్దరు ఆడవాళ్లకు బరువు. సణుగుళ్లు వినబడుతూనే ఉన్నాయి. అమ్మ ఎవరి ముఖమూ చూడకుండా మొదటి చుట్ట కొస పట్టుకుంది. రెండో కొస కుల్సుమ్ ఆంటీ పట్టుకుంది.

"నీ వాకిలి సల్లగుండ, నా నడుము పాయె గదక్కా!"

"దించు సెల్లె, నేనొక్కదాన్నే ఈడ్సుకపోత."

"ఈడ్చబాకు తల్లీ, మళ్లీ ఊడ్సినట్టయితాది!"

ఆ పొద్దున అమ్మ మొదటిసారి నవ్వింది.

బస్సెక్కే ముందు బాపుతో అడిగించింది, పిల్లలు ఎప్పుడవుతాయని. రెండు నెలలు పట్టొచ్చన్నాడు ఫహద్. అప్పటిదాకా తల్లి వచ్చి చూసుకుంటుందా? రాదు. పిల్లలే పైకొచ్చి, వాటంతట అవే నీళ్లలోకి పోతాయి.

ఇంటికి వచ్చాక అమ్మ ప్రతి శుక్రవారం బాపును నిద్రలేపేది. "ఆ తాబేళ్ల కాడి పిలగానికి ఫోన్ జెయ్యరాదు."

"ఏమని జేస్తనే? గుడ్లు మంచిగున్నయా అని అడుగాల్నా?"

"అడిగితే ఏమాయె?"

బాపు గొణుగుతూనే చేసేవాడు. ఒక శుక్రవారం ఫహదే వీడియో పంపాడు. తెల్లవారుజామున తీసింది. ఇసుక కదిలి, నల్లటి చిన్న పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికి వస్తున్నాయి. వెంట ఆయన గొంతు హిందీలో ఉంది. తాడు కట్టిన రెండు చోట్లా ఏమీ లేదు, ఇవి లారీ రావాల్సిన దారి మధ్యలోంచి వచ్చాయి, అమ్మకు చూపించండి అంటున్నాడు.

"అంటే నేను సూపిచ్చిన జాగ తప్పే?" అంది అమ్మ.

"తప్పే" అన్నాడు బాపు.

"వలలు మోసుడే మంచిగైంది."

ఫోన్ రెండు చేతులతో పట్టుకుని మళ్లీ మొదటి నుంచి చూసింది. చివర్లో ఒక పిల్ల మిగతావాటితో పోకుండా రోడ్డు వైపు పాకుతోంది.

"అటు గాదు బిడ్డా, ఇటు" అంది అమ్మ ఫోన్‌తో. "ఇటు తిరుగు. నీళ్లు ఇటున్నయ్. ఆడికి పోతె ఏముంది?"

అది ఆగింది. కాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా తిరిగింది.

బాపు చెయ్యి చాపాడు కానీ, అది నీళ్లు చేరేదాకా అమ్మ ఫోన్ ఇవ్వలేదు.