పోయిందన్న లెక్కల ఫైల్

పొద్దున కంప్యూటర్ రిపేరయి ఇంటికొచ్చింది. ఇంటి లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ మల్ల కొత్తగ ఎక్కించిండ్రు. తెరిస్తే అంత ఖాళీ. కూరగాయల ఖర్చు నుంచి కుట్టుమిషన్ మీద నా సంపాదన దాక, ఏండ్ల సంది రాసుకున్నది ఒక్కటి లేదు. ఫోన్ చేస్తే రిపేరాయన వచ్చి రెండు ఫోల్డర్లు చూసిండు. "ఫైల్ పోయింది వదినా, ఇగ కొత్తగ రాసుకోండ్రి" అన్నడు.

మా ఆయన కూసున్న కాడ నుంచే, "ఇంటి లెక్కలే గదా, పోతే ఏమైతది?" అన్నడు.

"మీ దుకాణం లెక్కలు పోతే గిట్లనే కూసుంటరా?" అన్న. రిపేరాయన సంచి సర్దుకుండు, మా ఆయన దుకాణానికి లేసిండు.

వాళ్ళు పోయినంక నేనే వెతికిన. ఫైల్ పేరు యాదికి లేదు గని, ఆ సాఫ్ట్‌వేర్ ఫైళ్ళన్నిటి పేర్లకు చివర చుక్క పెట్టి ఒక్కటే తోక ఉంటది. ఆ తోకను సెర్చ్‌ల కొట్టిన. దొరికింది. కమలాపూర్ ఏనుగుల క్యాంపుల తీసిన ఫోటోల నడుమ, 'ఇప్పపువ్వు' అనే పేరుతోని. అప్పుడు యాదికొచ్చింది. బియ్యం డ్రమ్ముల పైసలు దాచినట్టు, ఎవ్వలు తెరవని జాగల నేనే దాచిన. లెక్కలన్ని అట్లనే ఉన్నయి.

సాయంత్రం సంగతి తెలిసి మా ఆయన, "అందరికి తెలిసే పేరు పెట్టరాదా, మల్ల పరేషాన్ ఉండదు" అన్నడు.

పెట్టిన. 'ఇంటి లెక్కలు' అని ఖాళీ ఫైల్ ఒకటి, ఆయనకు ఎదురుంగనే. అసలుదాన్ని మల్ల జాగ మార్చిన.

అక్కలారా, మీ బియ్యం డ్రమ్ము ఏ ఫోల్డర్ల ఉందో నేను అడగ. ఉందా లేదా, గంతే చెప్పుండ్రి.