వెంకటనర్సు రాసిన గంటలు

మనిషి ఒంట్లో రక్తం గడ్డకట్టాలంటే ముందు వెంకటనర్సు అనుమతి తీసుకోవాలి. నల్గొండలో ఈ మాట కాదన్నవాడు ఇంతవరకు లేడు. ఒకసారి బస్టాండు పక్క మంగలి షాపులో ఎవరికో గడ్డం తెగి నెత్తురు ఎంతకూ ఆగలేదట. ఆరా తీస్తే, ఆ పూట వెంకటనర్సు సెలవులో ఉన్నాడని తేలింది.

ఇంత అధికారం ఉన్న మనిషి వెన్నెల దవాఖానలో డయాలసిస్ టెక్నీషియన్. గట్టుప్పల్‌లో చేనేత ఇంట పుట్టి, తెలంగాణ వచ్చిన ఏడాది నౌకరీలో చేరాడు. తొమ్మిదేళ్లయినా కాంట్రాక్టు ఉద్యోగే. ఏటా కొత్త కాగితం మీద సంతకం పెట్టే రోజు కొత్త పెళ్లికొడుకులా బెదురుతూ వెళ్లి, పరీక్ష పాసైనవాడిలా తిరిగొచ్చేవాడు. నౌకరీ మీద ఆ భరోసా లేకనే భార్య ఆండాళు మగ్గం వదల్లేదు.

ప్రాణం మీదికి వచ్చి, కిడ్నీలు చేతులెత్తేసినవాళ్ల రక్తాన్ని ఆగకుండా కడిగే మిషన్ ఒకటి ఐసీయూలో ఉండేది. నెత్తురుకు ప్లాస్టిక్ గొట్టం అంటే గిట్టదు, అందులోకి రాగానే గడ్డకట్టాలని చూస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే అందులోని రక్తమంతా వృథా, పని మళ్లీ మొదటికి. దాన్ని ఆపడానికి ఇచ్చే పాత మందు హెపారిన్. అది గొట్టంలో గడ్డను ఆపుతుంది గానీ, ఒక్కోసారి రోగి కడుపులో కూడా నెత్తురు కారేట్టు చేస్తుంది. అందుకని గొట్టంలో పనిచేసి, ఒంట్లోకి పోగానే చల్లారిపోయే కొత్త మందు ఒకదాన్ని పరీక్షకు పెట్టారు. ఆ పరీక్ష నల్గొండలో నడిపే భారం డాక్టర్ స్వర్ణలత నెత్తికెత్తుకుంది. బంధువులు ఒప్పుకుని సంతకం పెడితే, మిషన్‌ను సిద్ధం చేసి ఒక సీలు కవరు తెరిచేవారు. ఎవరికి ఏ మందో చెప్పాల్సింది కవరే, డాక్టరు కాదు. ఫిల్టర్ ఎన్ని గంటలు ఆడిందో రాసే పని వెంకటనర్సుది. పరీక్ష సక్రమంగా నడిస్తే పర్మనెంట్ చేయిస్తానని మేడం మాటిచ్చింది.

పద్దెనిమిది మంది పూర్తయ్యేసరికి కాగితాల మీద అద్భుతం జరిగింది. పాత మందుతో ఫిల్టర్ సగటున ఇరవై తొమ్మిది గంటలు ఆడితే, కొత్త మందుతో ముప్పై మూడు. దవాఖానలో పండగ మొదలైంది. యజమాని కొత్త మందు గెలిచిందని ఫ్లెక్సీ కొట్టించాడు, అందులో ఫిల్టర్ బొమ్మ కన్నా ఆయన మీసం పెద్దది. క్యాంటీన్ వాళ్లు ఉప్మా కూడా ఈ మధ్య బాగా కుదురుతోందని ఆ పుణ్యం మందుకే కట్టబెట్టారు.

కల్వకుర్తి నుంచి కిడ్నీలు ఆగిన తమ్ముణ్ని తీసుకొచ్చిన సత్తమ్మ ఆ ఫ్లెక్సీని చదివించుకుని విన్నది. తర్వాత కవర్ల మీద నమ్మకం పోయింది ఆమెకు. వెంకటనర్సు చెయ్యి పట్టుకుని, "కొత్తదే పడేటట్టు జూడు కొడుకా. పాతది పడితే మావోడు మిగలడు" అంది. అతను కవరు సంగతి ఎంత విడమరిచినా ఆమె చెయ్యి వదల్లేదు.

ఆ ఆదివారమే ఆండాళు మగ్గానికి అతికిన కొత్త పడుగు దారాల మీద మొదటి చీర నేసి కోసింది. ఎన్ని రోజులు పట్టిందని పక్కింటి బిక్షమ్మ అడిగితే, అరుగు మీద కూర్చుని అన్నం తింటున్న వెంకటనర్సు పదకొండు అన్నాడు.

ఆండాళు మగ్గం దగ్గరినుంచే అందుకుంది. "ఏడే. నాలుగు దినాలు నేను మా అమ్మగారింట్ల ఉంటి, మగ్గం ఉత్తగ ఉండె. నేయని దినాలు గూడ లెక్కగడ్తవేందయ్యా?"

"మా ఇంట్ల పడుగు అతికిన దినం నుంచే లెక్క."

"అది మీ నాయిన లెక్క. పోగు దీస్కొని నాడె అటిటు ఆడినకాంచి నా లెక్క."

వెంకటనర్సు ముద్దను కంచంలోనే వదిలేశాడు. నాలుగు తరాల అలవాటు దవాఖానలోనూ అతని చెయ్యి వదల్లేదు. గొట్టాలు బిగించి సెలైన్ నింపిన నిమిషం నుంచే అతను గంటలు రాశాడు, రక్తం ఎక్కినప్పటి నుంచి కాదు. పాత మందు బీరువాలోనే ఉంటుంది కాబట్టి రక్తం వెంటనే మిషన్‌లోకి ఎక్కేది. కొత్త మందు తాళం వేసిన ఫ్రిజ్‌లో. ఆ తాళంచెవి నార్కట్‌పల్లిలో కాపురముండే ఫార్మసిస్టు మురళీమోహన్ జేబులో. ఆయనకు ఫోన్ చేసి, ఆయన స్నానం చేసి, బస్సెక్కి వచ్చేసరికి నాలుగు గంటలు, అందాకా మిషన్ రక్తం లేకుండా ఉత్తగా ఉండేది. కొంత ఆగగలిగిన రోగులనే పరీక్షలోకి తీసుకునేవారు గనుక ఆ ఆలస్యం ఎవరినీ బాధించలేదు. కానీ ఆ నాలుగు గంటలూ కొత్త మందు ఖాతాలో పడ్డాయి.

సోమవారం ముందుగా మురళీమోహన్‌కే చెప్పాడు. ఆయన తాళంచెవి తడుముకుని, "నాలుగు గంటలే కదనే అన్నా. ముందుగాల పర్మనెంట్ కానియ్యి, గప్పుడు యాదికి తెచ్చుకో" అని ఉపాయం చెప్పాడు. ఉపాయం బాగానే ఉంది. వెంకటనర్సు మేడం గది దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాడు. ఐసీయూ బయట సత్తమ్మ ఇంకా కాగితం మీద వేలిముద్ర వేయకుండా, కొత్త మందు వాళ్ల వరస ఎక్కడని నర్సులను అడుగుతోంది. మూడోసారి అతను తలుపు తీశాడు.

మేడం మిషన్ మెమరీ తీయించింది. పద్దెనిమిది మందికీ రక్తం ఎక్కిన నిమిషాలు అందులో ఉన్నాయి. కొత్త మందు కూడా ఇరవై తొమ్మిదికి దిగింది. ఆమె ముప్పై మూడును కొట్టేసి పక్కన ఇరవై తొమ్మిది రాసింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు వెంకటనర్సూ."

"తెల్వకపోతుండె మేడం. ఫిల్టర్ ఆడిన గంటలు మాత్రం గవే ఉంటుండె."

ఫ్లెక్సీ దిగి ఆటోస్టాండులో ఎండకు అడ్డం అయింది. సత్తమ్మకు మేడమే కూర్చోబెట్టి రెండూ ఒకే తీరుగా ఆడుతున్నాయని చెప్పింది, సత్తమ్మ అప్పుడు వేలిముద్ర వేసింది. మేడం హైదరాబాదులో డాక్టర్ల సభలో దిద్దిన అంకెలే చదివి వచ్చింది. యజమాని మాత్రం, తప్పు రాసినవాణ్ని పర్మనెంట్ ఎలా చేస్తామని ఫైలు పక్కన పెట్టాడు.

కులపోళ్లు ఊరుకుంటారా? చేనేత సంఘం వాళ్లు సభ పెట్టి శాలువా కప్పారు. అధ్యక్షుడు మల్లప్ప మైకు మింగేంత దగ్గర పెట్టుకుని, మన వెంకటనర్సు మగ్గం మీదే మందు కనిపెట్టాడని, పద్దెనిమిది మందిని యముడి చేతిలోంచి లాక్కొచ్చాడని, పెద్ద పెద్ద డాక్టర్లు అతని కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారని గంటసేపు చెప్పాడు. చప్పట్లు ఆగాక వెంకటనర్సు లేచి మైకు అందుకున్నాడు.

"మందు నేను కనిపెట్టలె. గంటలు తప్పు రాసిన, తెల్సినంక దిద్దిన. నేను ఇంకా కాంట్రాక్టే."