ఉగాండాకు పంపిన ఏసీ గది

2021లో నేను దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో పోర్టా క్యాబిన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి ప్రొడక్షన్ మేనేజరుని. సైట్ల దగ్గర ఇంజనీర్లు కూర్చునే ఆఫీసులు, క్యాంపుల్లో మనవాళ్లు పడుకునే గదులు మా దగ్గర తయారైనవే. రెండు ఇనుప రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకను సాండ్‌విచ్ ప్యానెల్ అంటారు. దాన్నే గోడగా నిలబెట్టి, చిన్న కిటికీ ఒకటి, ఏసీకి ఒక కంత వదిలి, తక్కినదంతా గాలి చొరకుండా మూసేస్తాం. చల్లదనం బయటికి పోకూడదు గదా, మా పనితనమంతా అందులోనే ఉంటుంది.

స్టోర్ కీపర్ జోసెఫ్‌ది ఉగాండాలో ఒక మారుమూల పల్లె. ఏళ్ల తరబడి మాతో ఉన్నవాడు, క్యాంపు హిందీ నాకంటే బాగా మాట్లాడేవాడు. ఒకరోజు ఫోన్‌లో వాళ్ల ఊరి బడి ఫోటో చూపించాడు. పై తరగతుల గది గోడ బీటలు వారి ఒరిగిపోయింది. కొత్త టర్మ్ మొదలయ్యేలోగా గట్టి గది చూపించకపోతే ఆ తరగతులు ఎత్తేస్తామని ఇన్‌స్పెక్టరు చెప్పి వెళ్లాడట. ఆ ఏడు పై తరగతికి రావలసిన పిల్ల జోసెఫ్ కూతురు గ్రేస్. ఇంకో బడి ఉన్న ఊరు చాలా దూరం. ఆడపిల్లను అంత దూరం నడిపించనని వాళ్లమ్మ తెగేసి చెప్పింది.

కరోనా దెబ్బకు క్యాంపులు ఖాళీ అయి, వెనక్కి వచ్చిన క్యాబిన్లు మా యార్డులో పడి ఉన్నాయి. ముదీర్‌ని, అంటే మా పెద్ద మేనేజరుని, అడిగితే రెండు తీసుకుపొమ్మన్నాడు. మా ఫోర్‌మన్ రాజన్నది జగిత్యాల వైపు. సెలవు రోజుల్లో ఊరికే పనిచేయడానికి అతనే వెల్డర్లను కూడగట్టాడు.

నేను షాప్ డ్రాయింగ్ వేశాను. అంటే పని మొదలుపెట్టే ముందు కొలతలన్నీ చూపే బొమ్మ. కరెంటు లేని ఊరు కాబట్టి ఏసీ కంత తీసేసి, రెండు పొడుగు గోడలకూ నడుమెత్తు నుంచి పైదాకా గాలి ఆడే జాలీ పెట్టి, చూరు ముందుకు సాచాను. జోసెఫ్ దాన్ని చూసి బల్ల మీద నా వైపుకు తోసేశాడు. తర్వాత హిందీలో అతనన్న మాటల సారం ఇది: ఇంజనీర్లకైతే ఇలా గీస్తారా సార్? మా పిల్లలు గనక మేకల కొట్టం గీశారా? వచ్చే ఏటికి ఊళ్లోకి కరెంటు లైను వస్తుందని కూడా చెప్పాడు.

రాజన్న కూడా అతని పక్షమే. "నిజమే గద సార్! ఇచ్చేదేందో మంచిగనే ఇద్దాం. మనం పండుకునే రూముల ఏసీ ఉండంగ, పిల్లగాండ్లకు జాలీ గోడలు పెడ్తే ఏం బాగుంటది? పాత ఏసీ ఒకటి నేను రిపేర్ జేపిస్త" అన్నాడు.

ఏసీ ఆగిన క్యాబిన్ ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు. కానీ మేకల కొట్టం అన్న మాట చురుక్కుమంది. వాళ్ల ఊరు, వాళ్ల బడి, కాదనడానికి నేనెవర్ని అనుకున్నాను. ఆ డ్రాయింగు పక్కన పెట్టి సైట్ ఆఫీసు నమూనా తీశాను. జోసెఫ్ ముఖం వెలిగిపోయింది, ఆమోదిస్తూ వెంటనే దాని మీద సంతకం పెట్టాడు. "ఖలాస్ సార్, ఇగ యల్లా, పని షురు జేద్దాం!" అని రాజన్న గ్రైండరు అందుకున్నాడు.

ప్యానెళ్లు విప్పి, ఆఫ్రికాకు పాత కార్లు పంపే ఒక వ్యాపారి కంటెయినరులో సర్ది, జెబెల్ అలీ రేవు నుంచి ఓడ ఎక్కించాం. జోసెఫ్ సెలవు మీద వెళ్లి దగ్గరుండి బిగించాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి తరగతులకు అనుమతి ఇచ్చాడు. ప్రారంభం రోజు వీడియో కాల్‌లో గ్రేస్ ఆ తెల్లటి గోడను చేత్తో నిమురుతూ నవ్వింది. రాజన్న కళ్లు తుడుచుకున్నాడు. నాకూ గర్వంగానే ఉంది.

కరెంటు లైను రాలేదు. ఎండ ఎక్కేసరికి గదిలో పిల్లలు చెమటకు తడిసి ముద్దయ్యేవారు. ఒకరిద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. మాస్టారు కొన్నాళ్లు బయట, ఆ గది నీడలోనే కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించారు.

గోడ కోసి కిటికీలు పెట్టవచ్చు గదా అంటారు. పెట్టించాం. కానీ ప్యానెల్ కోసినచోట చుట్టూ ఇనుప చట్రం వెల్డింగ్ చేయకపోతే గోడ నిలవదు. పట్నం నుంచి జనరేటరు, వెల్డరు వచ్చేసరికి ఆ ఏడు గడిచిపోయింది, పై తరగతులు ఎత్తేశారు. ఇప్పుడు అందులో చిన్నపిల్లలు కూర్చుంటున్నారు, గాలి బాగా ఆడుతోందట. గ్రేస్ వాళ్లమ్మతో సంతలో అరటికాయలు అమ్ముతోంది.

ఆ తరగతులు ఎత్తేసిన చాలా రోజులకు జోసెఫ్ స్టోరులో నిలబడి, "నేను చిన్నబుచ్చుకుంటే మాత్రం మీరెందుకు ఊరుకున్నారు సార్, కోప్పడి ఉండాల్సింది" అన్నాడు.

2024లో రిటైరయ్యాను. మా వృత్తిలో ఆమోదం పొందిన డ్రాయింగు మీద ఒక ముద్ర వేస్తారు: ఈ ఆమోదం వల్ల తయారుచేసేవాడి బాధ్యత తగ్గదు అని. ఆమోదించేవాళ్లు తప్పించుకోవడానికి రాసుకున్న మాట అని ఉద్యోగం పొడుగునా విసుక్కున్నాను. ఆ మాట సరైనదే. ఏం కావాలో చెప్పడం జోసెఫ్ హక్కు. అందులో పిల్లలు కూర్చోలేరని అతనికి నమ్మకం కలిగేలా చెప్పడం నా పని. అందుకు వాదన కూడా అక్కర్లేదు. మా యార్డులోనే, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ కట్టేసిన క్యాబిన్‌లో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని తలుపు వేసి ఉంటే సరిపోయేది.