ఆపరేటర్ యాదగిరికి చెప్పని జవాబు

ఆపరేటర్ యాదగిరి దివంగతుడయ్యాడన్న వార్త నాకు ఒక గుర్రం బొమ్మతో వచ్చింది. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఫోను చూశాను. మేడ్చల్ సినిమా అభిమానుల వాట్సాప్ గ్రూపులో, తెల్లగుర్రం మీద కత్తి దూసిన కథానాయకుడి మెడ మీద యాదగిరన్న తల అతికించి, కింద కన్నీటి చుక్కలు వరసగా పేర్చి, ‘మా గుర్రాల పార్టీ పెద్దదిక్కు ఇక లేరు’ అని రాశారు. పాలు పొంగిపోయాయి. డెబ్బై ఏళ్ల మనిషి, శామీర్‌పేటలో తన ఇంట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడట. అప్పటికి ఆయనతో నేను మాట్లాడక పన్నెండు రోజులైంది. ఆ చివరి రోజున ఆయన నన్నొక ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పకుండా లేచి వచ్చేశాను. సంతాపసభల్లో వినిపించే మాటలన్నీ నాకూ వచ్చు. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెప్పి బతికినదాన్ని, విశేషణాలకు కరువు లేదు. కానీ ఈ వ్యాసం రాస్తున్నది ఆ జవాబు కోసమే.

మేడ్చల్ బస్ డిపో దాటాక ఇప్పుడు ఫంక్షన్ హాలుగా పూలదండలు కట్టుకుని నిలబడ్డ భవనం ఒకప్పుడు సినిమా హాలు. దాని వెనక పైకెక్కే ఇనుపమెట్ల చివర ఒక చీకటి గది ఉండేది. ఆ గదిలో రెండు ప్రొజెక్టర్ల నడుమ, వెలుగు కోసం మండే కార్బన్ కడ్డీల పొగలో, ఇరవై ఎనిమిదేళ్లు నిలబడిన మనిషి యాదగిరి. తెర మీద వెలుగు పడిందంటే అది ఆయన చేతి చలవ. తెర మీద వెలుగు ఆగిందంటే ఊరంతా కలిసి తిట్టేది ఆయన తల్లిని. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన పేరు జనం నోట వినిపించింది ఆ తిట్లలోనే.

ఆ హాల్లో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఒకే ఏడాదిలో ఒకదాని వెనక ఒకటి రెండు సినిమాలు ఆడాయి. వాటి అసలు పేర్లు రాయను. రాస్తే ఈ పత్రిక ఆఫీసుకు ఉత్తరాలు మొదలవుతాయి. ఊళ్లో ఒకదాన్ని గుర్రాల బొమ్మ అంటారు, రెండోదాన్ని బాయి బొమ్మ అంటారు. మొదటిదాంట్లో రాజ్యాలు, యుద్ధాలు, వందల గుర్రాలు, చివర్లో తండ్రి శవాన్ని భుజాన వేసుకుని కోటగోడ ఎక్కే కొడుకు. రెండోదాంట్లో మొగుడూ పెళ్లామూ ఒక పసివాడూ, ఎండిన చెలకా, తవ్వుతున్న బావీ, అంతే. గుర్రాల బొమ్మ వంద రోజులు ఆడింది. బాయి బొమ్మ పది రోజులు ఆడింది. నేను రెండో రోజు నుంచి అయిదుసార్లు చూశాను.

ఎందుకో చెప్పాలి, అసలు కథ అక్కడే ఉంది. బావిలో నీళ్లు పడతాయి. ఆ ఇల్లాలు ఒడ్డున నిలబడి అన్నానికి రమ్మని పిల్లవాణ్ణి పిలుస్తుంది. మరోసారి పిలుస్తుంది. మరుక్షణం తెర మీద ఏముందంటే, ఆ మగవాడు తన చేతులతో తవ్విన బావిని తన చేతులతోనే పూడుస్తున్నాడు. ఆమె మట్టి తట్టలు అందిస్తోంది. ఒక్క మాట లేదు, ఒక్క కన్నీటిబొట్టు లేదు. ఏం జరిగిందో హాల్లో ప్రతి మనిషికీ అర్థమైంది, మూడు వందలమంది ఊపిరి ఒకేసారి ఆగింది. దుఃఖాన్ని చూపకుండా దుఃఖాన్ని మన ఒళ్లో పెట్టిన ఆ మౌనాన్ని నేను జీవితమంతా మోశాను. నాలుగోసారి చూసి ఆగలేక ఇనుపమెట్లెక్కి, ఈ సినిమా తీసిన మహానుభావుడి పేరేమిటని ఆపరేటర్‌ను అడిగాను. ఆయన టికెట్టు ముక్క వెనక దర్శకుడి పేరు రాసిచ్చాడు. ఏ భాగం బాగుందని అడిగాడు. చెప్పాను. కాసేపు నన్నే చూసి, చాయ్ తాగుతావా చెల్లె అన్నాడు. అట్లా నేను చెల్లెనయ్యాను.

ఆ రోజునుంచి ముప్పై ఏళ్లకు పైగా మా ఇద్దరిదీ ఒకటే తగవు. ఆయన గుర్రాల పార్టీ, నేను బాయి పార్టీ. ఆదివారం పొద్దున డిపో ఎదురుగా చాయ్ హోటల్లో మొదలయ్యేది, మధ్యాహ్నానికి పక్క బల్లలవాళ్లు కూడా చీలిపోయేవాళ్లు. గాజులరామారం నుంచి, కౌకూర్ నుంచి బండ్ల మీద వచ్చి మరీ కొట్లాడినవాళ్లున్నారు. నా వైపు ఎప్పుడూ నలుగురికి మించి లేరు. అయినా నోరు నాది కనుక తూకం సరిపోయేది. ఆయన దగ్గర ఒకటే సిద్ధాంతం ఉండేది, ఎన్నిసార్లు ఓడించినా దాన్నే పట్టుకొచ్చేవాడు: “ఏ బొమ్మల నుంచి రీలు దీస్తే జనం కుర్సీలు ఇరగ్గొడ్తరో, గదే గట్టి బొమ్మ చెల్లె.” గుర్రాల బొమ్మలో ఒక్క నిమిషం తగ్గినా హాలు తగలబెడతారని ఆయన లెక్క. నేను నవ్వేదాన్ని. కళను కుర్చీల సంఖ్యతో కొలిచే మనిషివని వెక్కిరించేదాన్ని. ఆయన మరో మాట కూడా అనేవాడు, దాన్ని నేను ఎన్నడూ పట్టించుకోలేదు: “నేను తెర సూసింది తక్వ. గా క్యాబిన్ కిటికీలకెల్లి కింద జనాన్ని సూసిన.”

సినిమా హాలు మూతపడ్డాక యాదగిరన్న బౌరంపేట్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. అక్కడి క్లబ్బులో ఒకసారి పిల్లలకు గుర్రాల బొమ్మ వేశారట. గోడ మీద బొమ్మ మసకగా ఉంటే ఈయన ఉండబట్టలేక లోపలికి వెళ్లి, ఫోకస్ పోయింది సార్, నేను జేస్త, అన్నాడట. నువ్వు గేటు చూసుకో అన్నారట. ఆ మసక బొమ్మనే వాళ్లు చివరిదాకా చూశారు. ఈ సంగతి ఆయన నాకు నవ్వుతూ చెప్పాడు. గేటు కాడ నిలబడి సౌండు విన్నాననీ, సౌండుతోనే బొమ్మ మొత్తం చూశాననీ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ క్లబ్బువాళ్లలో ఇద్దరు మొన్న గ్రూపులో కన్నీటి చుక్కలు పెట్టారు.

వాళ్లను అనే ముందు నన్ను నేను అనుకోవాలి. కొన్నేళ్ల కిందట అభిమానులంతా కలిసి ఆ పాత సినిమా హాల్లోనే, అంటే ఫంక్షన్ హాల్లో, ‘రెండింట్లో ఏది గొప్ప’ అని చర్చ పెట్టారు. మైకు నా చేతికొచ్చింది. ఎదురుగా మొదటి వరసలో యాదగిరన్న. రీళ్లు మార్చినంత మాత్రాన సినిమా తెలిసినట్టు కాదన్నాను. బాయి బొమ్మలో ఆ దర్శకుడు చూపకుండా వదిలేసిన ఏడుపు, పది నిమిషాలే అనుకున్నా, గుర్రాల బొమ్మ మొత్తానికన్నా పెద్దదన్నాను. జీవితమంతా యంత్రం పక్కన నిలబడినవాడికి ఆ పది నిమిషాల విలువ ఎట్లా తెలుస్తుందని అడిగాను. చప్పట్లు మోగాయి. ఆయన తల దించుకుని నవ్వాడు. మైకు ఇస్తే తీసుకోలేదు. కూర్చున్నచోటి నుంచే అన్నాడు, “నిజమే చెల్లె, గా పది నిమిషాలు పెద్దయే.” గెలిచాననుకుని ఇంటికి వచ్చాను.

ఈ ఏడు బాయి బొమ్మ ఇంటర్నెట్లో దొరికింది. ఎక్కడో పాడుపడిన ప్రింటును శుభ్రం చేసి పెట్టారట. నా పూర్వ విద్యార్థిని ఒకామె లింకు పంపింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక బల్ల దగ్గరే కూర్చుని చూశాను. నీళ్లు పడ్డాయి. ఆమె పిల్లవాణ్ణి పిలిచింది. మరోసారి పిలిచింది. ఆ తర్వాత బావి పూడ్చడం రాలేదు. పిల్లవాణ్ణి పైకి తీయడం వచ్చింది. ఆమె గడ్డ మీద పడి దొర్లడం, గుండెలు బాదుకోవడం, దేవుణ్ణి నిలదీయడం, వయొలిన్లు, పాట, పాటలో పిల్లవాడు మబ్బుల్లోంచి చేతులు చాపడం. పది నిమిషాలు. ఈ సినిమాలో ఏడుపెక్కువని ఒకప్పుడు ఒక విమర్శకుడు రాస్తే, తమరు నిద్రపోయి చూశారని అదే పత్రికలో జవాబు రాసినదాన్ని నేను. ఆ మౌనాన్ని దర్శకుడి ప్రతిభకు ఉదాహరణగా ఇరవై ఏళ్లు తరగతిలో చెప్పినదాన్ని. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను.

మరునాడు పొద్దున శామీర్‌పేటకు బస్సెక్కాను. యాదగిరన్న వాకిట్లో కుర్చీ వేసుకుని దగ్గుతూ కూర్చున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“బాయి బొమ్మల గా ఏడుపు ఎక్కడిదన్నా? ఎవడు అతికిచ్చిండు?”

ఆయన నా ముఖం చూశాడు. ఇన్నేళ్లుగా ఈ రోజు కోసమే ఉన్నట్టు, నెమ్మదిగా చెప్పాడు.

“ఎవ్వలు అతికియ్యలే చెల్లె. ముందుగాల్నుంచి ఉన్నదే. నేనే దీసేసిన.”

మొదటి రోజు తొమ్మిదో రీలు వేశాడట. తల్లి ఏడుస్తుంటే కింద జనం నవ్వారట, ఈలలు వేశారట, ఎవడో ఆమె ఏడుపును అనుకరించాడట. “కొడుకు సచ్చిన తల్లిని జూసి నవ్వుడేంది? నాకు మనసొప్పలే. రెండో దినం ఎనిమిది కాంగనే పది ఎక్కిచ్చిన. హాలు సప్పుడు బందైంది. ఒక్కడు గూడ సీటీ కొట్టలే.” తొమ్మిదో రీలును మిగతా తొమ్మిది రోజులూ డబ్బాలోనే ఉంచి, చివర్లో అన్ని డబ్బాలతో పాటు సరిగ్గా తిరిగి పంపేశాడు. ఓనరుకు చెప్పలేదు. ఆట తొందరగా అయిపోతోందని ఓనరు సంతోషించాడు తప్ప ఎందుకని అడగలేదు. మిగతా ఊళ్లలో ఆ రీలుతోనే ఆడింది, అన్నిచోట్లా నవ్వుల్లోనే పోయింది. ఆ దర్శకుడు మళ్లీ సినిమా తీయలేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు పేపర్ల రాసినవ్, పిల్లలకు పాఠం జెప్పినవ్, ఎట్ల జెప్పాలె, అన్నాడు. మరి ముప్పై ఏళ్లు గుర్రాల వైపు ఎందుకు కొట్లాడావని అడిగాను.

“గుర్రాల బొమ్మ నాకు నిజంగనే ఇష్టం. దాంట్ల నేను చెయ్యి పెట్టే జాగ లేకుండె. నీ బొమ్మల చెయ్యి పెట్టిన. పెట్టినంక గదే గొప్పదని నేనే ఎట్ల అంట? సిగ్గు గాదా?” దగ్గు ఆగేదాకా ఆగి మళ్లీ అన్నాడు, “ఇంగో ముచ్చట జెప్త, కోపం జెయ్యకు. నువ్వు గా జాగ గురించి పొగుడుతుంటె మంచిగనిపిస్తుండె. ఇరవై ఎనిమిదేండ్లు గా క్యాబిన్ల ఉన్న. నా పనిని గట్ల పొగిడినోళ్లు ఎవ్వలు లేరు.”

నా కోపం అప్పటికే నన్ను మించిపోయింది. ఊరి ముందర నన్ను పిచ్చిదాన్ని చేశావన్నాను. ఒకడి రచన మీద కత్తెర వేసే హక్కు నీకెవరిచ్చారన్నాను. ఆయన భార్య లక్ష్మి వదిన చాయ్ పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. నేను వాకిలి దాటుతుంటే వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

“ఇగ ఇప్పుడన్న జెప్పు చెల్లె. ఏ బొమ్మ పెద్దది?”

నేను వెనక్కి తిరగలేదు. పన్నెండు రోజులు ఆయన ఫోను ఎత్తలేదు. రెండుసార్లు చేశాడు. మూడోసారి చేస్తే ఎత్తుదామనుకున్నాను. అది నా గర్వం, దానికి అందమైన పేరు పెట్టను.

దశదినకర్మకు అభిమానులంతా వచ్చారు. విస్తళ్లు వేసే ముందు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను పొగిడింది దర్శకుణ్ణి కాదు, ఇక్కడ దండ వేసిన ఈ ఫోటోలోని మనిషినని చెప్పాను. ఇళ్ల స్థలాలు అమ్మే శ్రీశైలం, గుర్రాల పార్టీలో అందరికన్నా గట్టిగా అరిచేవాడు, లేచి నిలబడ్డాడు. “అంటే మేడం, బాయి బొమ్మ ఓడిపోయినట్టే గదా,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. చనిపోయిన మనిషి పదో రోజు, ఆయన ఫోటో ముందు, గుర్రాలు గెలిచాయని చప్పట్లు కొట్టారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ హాల్లో మొదటి రోజు నవ్వినవాళ్లు వీళ్లే అయి ఉంటారు.

కనుక జవాబు ఇక్కడ రాస్తున్నాను. యాదగిరన్నా, నువ్వు చేసింది తప్పే. ఆ మాట వెనక్కి తీసుకోను. నన్ను ముప్పై ఏళ్లు తప్పు మనిషికి దండం పెట్టనిచ్చావు, అందుకు నిన్ను ఈ జన్మకు క్షమించను. నీ కొలతతో చూస్తే బాయి బొమ్మ చిన్నదే, రీలు తీస్తే ఒక్క కుర్చీ విరగలేదు. ఇంటర్నెట్లో ఉన్నదాన్ని మరోసారి చూశాను. అదీ చిన్నదే, గుర్రాల ముందు నిలబడదు. అక్కడివరకూ నువ్వు గెలిచావు.

కానీ నేను కొట్లాడింది ఆ సినిమా కోసం కాదు. నేను చూసినది వేరే సినిమా. దాన్ని ఒక దర్శకుడు మొదలుపెట్టాడు, ఇనుపమెట్ల పైన పొగగదిలో ఉన్న ఒక ఆపరేటర్, కింద జనం ముఖాలు చూసి పూర్తిచేశాడు. అది ఆ రెండింటికన్నా పెద్దది. ప్రపంచంలో ఒకే ఒక ఊళ్లో, తొమ్మిది రోజులు మాత్రం ఆడింది. ఇకమీదట నన్ను ఎవరు అడిగినా ఇదే చెప్తాను. చూపించమని అడిగితే మాత్రం, చూపించగలిగినవాడు లేడు.