మా బావ చూసిన డబ్బా స్టెప్పు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఎమ్మిగనూరుకీ ఆదోనికీ మధ్య డబ్‌స్టెప్ అనే సంగీతం అర్థమయ్యే మనిషిని నేనొక్కణ్ణేనని. (అబద్ధం కాకపోవచ్చు. వినేవాడే ఇంకొకడు లేనప్పుడు అర్థం చేసుకోవడంలో పోటీ ఎక్కడిది?) ఇరవై ఏళ్ల వయసులో ఏదో ఒక విషయంలో తాను ఒంటరివాణ్ణని అనుకోవడంలో గొప్ప సుఖం ఉంటుంది. నాకు ఆ సుఖం రోజూ పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఆదోని కాలేజీకి పోయే బస్సులో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నప్పుడు దొరికేది. డబ్‌స్టెప్ అంటే తెలియనివారికి చెబుతాను. మొదట పాట మెల్లగా నడుస్తుంది. దరువు బిగుసుకుంటూ బిగుసుకుంటూ పైకి పోయి, ఒక్క క్షణం అంతా ఆగిపోతుంది. అప్పుడు అడుగు నుంచి ఒక బరువైన శబ్దం, బండరాళ్ల లారీ గుంతలో పడ్డట్టు, దబ్బున దిగుతుంది. దాన్నే డ్రాప్ అంటారు. మిగతాదంతా దాని కోసమే. మా అమ్మ ఒకసారి ఆ ఇయర్‌ఫోను తన చెవిలో పెట్టుకుని, "ఏం నాయనా, ఫోను చెడిపోయినట్టుందే? గరగర అంటాంది. బాగు చేయించుకోపో" అంది, ఎంతో జాలిగా.

అలాంటి సంగీతం కట్టే డీజేల్లో నేను మనసులో 'గురువు' అని పిలుచుకునే లండన్ మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన బెంగళూరు వస్తున్నాడని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. బెంగళూరులో చదువుకునే మిత్రుడొకడు, తనకు పరీక్షలున్నా, టికెట్ల సంగతి చూస్తానన్నాడు గానీ, అసలు చిక్కు మా నాయన దగ్గర వచ్చింది. ఆయనకు ఎమ్మిగనూరులో చిన్న బట్టల అంగడి. కొలబద్ద పక్కన పెట్టి, "డీజే సూసేకి బెంగళూరు పోవల్లనా? మొన్న వినాయకుని నిమజ్జనానికి మన వీధిలోకే వచ్చె కదరా డీజే" అన్నాడు. ఆ డీజే వేరు, ఈ డీజే వేరు అని చెప్పబోయి మాటల్లో చిక్కుకుని ఊరుకున్నాను. రెండు రోజులు నేను మొహం వేలాడేసుకుని తిరిగాక, హొళగుందలో ఉన్న మా అక్క ఫోనులో తీర్పు చెప్పింది. "మీ బావను తోడు పంపిస్తా. ఆయనకు కన్నడం బాగొస్తాది. పిల్లోడు ఆ ఊర్లో తప్పిపోడు."

మా బావకు హొళగుంద దగ్గర మిరప, పత్తి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. నాకు ఆయనంటే ఇష్టమే. కానీ గురువు దర్శనానికి తెల్లచొక్కా, మెడలో ఎర్ర టవల్ వేసుకున్న మనిషిని వెంటబెట్టుకుని పోవాలా అని లోలోపల కుమిలిపోయాను. ఆదోని స్టేషన్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి ఆయన ఎదురు సీటువాళ్లందరికీ, "మా బామ్మర్ది. డబ్బా స్టెప్పు సూసేకి పోతాండాము" అని పరిచయం చేస్తూనే ఉన్నాడు. "డబ్బా కాదు బావా, డబ్" అని నేను దిద్దడం, "అదేనప్పా, డబ్బా" అని ఆయన ఒప్పుకోవడం గుంతకల్లు దాకా సాగింది.

కచేరీ ఊరి బయట ఒక పెద్ద మైదానంలో, ఎండ తగ్గాక. గేటు దగ్గర కాపలా మనిషి మా అక్క కట్టిచ్చిన గుంతపొంగణాల డబ్బా లోపలికి తీసుకుపోకూడదన్నాడు. బావ కన్నడంలో ఏదో అడిగాడు, ఆయనేదో చెప్పాడు, చూస్తే ఆ మనిషిది మా పక్కనే ఉన్న సిరుగుప్ప. ఇంకేం, వాళ్లిద్దరూ ఈ ఏడు తుంగభద్ర నీళ్ల గురించి మాట్లాడుకుంటూ నిలబడ్డారు. నా వెనక చిరిగిన జీన్సుల వాళ్లు బారులు తీరారు. నేను మాత్రం ఆ టవల్ మనిషి ఎవరో నాకు తెలియనట్టు ఆకాశం చూశాను. చివరికి సగం పొంగణాలు కాపలా మనిషికి ఇచ్చి, సగం అక్కడే తిని లోపలికి పోయాం.

గురువు వచ్చాడు. ఎక్కడో దూరాన ఎత్తుగా ఒక బల్ల, దాని వెనక ఆయన. జనం కేకలు వేశారు. దరువు మెల్లగా మొదలైంది. బావ కాసేపు ఓపిక పట్టి, నా చెవిలో, "పాట పాడేటాయప్ప ఎప్పుడొస్తాడు?" అన్నాడు. ఎవరూ రారని చెప్పాను. "పాపం, ఒక్కడే తిప్పలు పడతాండాడు" అన్నాడు. దరువు బిగుసుకుంది. ఇన్నాళ్లు చెవుల్లో విన్నది ఇప్పుడు ఎముకల్లో వినబోతున్నాను. అంతా ఒక్క క్షణం ఆగింది.

డ్రాప్ దిగింది. ఆ దెబ్బకు నేల కదిలింది. మా బావ ఏదో కూలిందనుకున్నాడు. "బామ్మర్దీ!" అని ఒక్క కేక పెట్టి, నా మీద ఏ దూలం పడకుండా రెండు చేతులతో నన్ను కప్పేశాడు. ఆ కప్పడంలో ఆయన మోచేయి తగిలి నా కళ్లద్దాలు ఎగిరి, గంతులేసే జనం కాళ్ల కిందికి పోయాయి.

అద్దాలు లేకుంటే ఎదురుగా ఉన్నది ఎద్దో బండో తెలియని చూపు నాది. నాకు ఏడుపొచ్చింది. కూలిందేమీ లేదని బావకు అర్థమై, తాను చేసిన పనీ అర్థమై, గబుక్కున వంగి జనం కాళ్ల మధ్య వెదకడం మొదలుపెట్టాడు. కళ్లద్దాలను కన్నడంలో 'కన్నడక' అంటారు. బావ తన పొడుగు గొంతుతో, పక్కవాళ్లు కాళ్లు తీస్తారన్న ఆశతో, "కన్నడక! కన్నడక!" అని అరిచాడు. ఆ హోరులో చివరి 'క' ఎవరికి వినపడుతుంది? ఎవడో కుర్రాడు "జై కర్ణాటక!" అని బదులిచ్చాడు. వాడి వెనక పదిమంది అందుకున్నారు. బావ ఇంకా గట్టిగా "కన్నడక!" అన్నాడు. వాళ్లు ఇంకా గట్టిగా "జై!" అన్నారు. ఇంత అభిమానం గల పెద్దమనిషి కింద ఉండకూడదనుకున్నారేమో, ఇద్దరు మా బావను ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. అందరూ కలిసి ఎగిరారు. నా అద్దాల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

దించాక బావ రొప్పుతూ నా దగ్గరికొచ్చాడు. "అద్దాలు దొరకలే. కానీ మీ గురువును సూస్తినప్పా, బాగా కనపడె" అన్నాడు.

"ఎట్లున్నాడు బావా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"బక్కోడు. నల్లంగీ ఏసుకున్నాడు. ఒక చెవికే పెట్టుకున్నాడు ఆ చెవుల డబ్బా, ఇంగో చెవి మనకు ఇడిసిపెట్టినాడు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"బల్ల మీది మిషనుకు గుండీలు తిప్పుతాండాడు."

కాసేపాగి మళ్లీ అడిగాను. "గుండీలే" అన్నాడు. ఇంకోసారి అడిగాను. బావ మునివేళ్ల మీద లేచి అటు చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు, మళ్లీ అటు చూశాడు.

"బల్లెక్కినాడు!" అన్నాడు.

"బల్లా?"

"ఆ, బల్లే! పందెం పుంజు మాదిరి నిలబడినాడు సూడు. ఎగిరె! రొండు కాళ్లూ గాల్లోకి లేపె! ఇప్పుడు టోపీ తీసి జనంలోకి ఇసిరె. ఆడపిల్లొకటి పట్టుకున్యాది, ఏడుస్తాంది పాప!"

ఇక ఆగలేదు. దరువు మెల్లగా ఉన్నప్పుడు బావ నా చెవిలో చెప్పేవాడు. డ్రాప్ దిగినప్పుడు ఇద్దరం నోళ్లు మూసుకుని ఎగిరేవాళ్లం. (అవును, బావ కూడా. మూడో డ్రాప్ నుంచి ఆయన నాకంటే ముందే ఎగిరాడు.) నడుమలో ఒకసారి నా భుజం పట్టి ఊపేశాడు. "బామ్మర్దీ, నీ తట్టే సూస్తాండాడు! చెయ్యెత్తు, చెయ్యెత్తు!" నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఎదురుగా ఊదారంగు మసక తప్ప ఏమీ లేదు. అంత ఆనందం అంతకు ముందెప్పుడూ నాకు తెలియదు.

బయటికొచ్చేటప్పుడు జనంలో తప్పిపోకుండా, "ఇది పట్టుకోప్పా" అని టవల్ కొస నా చేతికిచ్చాడు. స్టేషన్ దాకా అది వదల్లేదు.

ఆదోనికి తిరిగొచ్చాక కాలేజీ ఎదుటి టీ కొట్టులో మా క్లాసు వాళ్లను కూర్చోబెట్టి, బల్ల ఎక్కడం, పుంజులా నిలబడడం, టోపీ, ఆడపిల్ల, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాను. మాలో ఒకణ్ణి లాయరు అని పిలిచేవాళ్లం. వాడు, "అద్దాలు పోయినాయంటివి, ఆడపిల్ల ఏడ్సేది ఎట్ల కనపడెరా నీకి?" అన్నాడు. "చాలా దగ్గర్లో ఉంటిమిలే" అన్నాను.

తర్వాత చదువైపోయింది, ఉద్యోగం బెంగళూరులోనే దొరికింది. ఈ మధ్య గురువు మళ్లీ వచ్చాడు. ఈసారి మంచి అద్దాలతో, ముందు వరసకు దగ్గరగా నిలబడ్డాను. ఆయన జుట్టు కొంచెం నెరిసింది. బల్ల వెనక నిలబడి గుండీలు తిప్పాడు. ఒకసారి నీళ్లు తాగాడు. మళ్లీ గుండీలు తిప్పాడు. సంగీతం బ్రహ్మాండంగా ఉంది, డ్రాప్ దిగినప్పుడల్లా అందరితో పాటు ఎగిరాను. కానీ ఎప్పుడెక్కుతాడా అని ఆ బల్లనే చూస్తూ ఉండిపోయాను. ఆయన ఎక్కలేదు. అయిపోయాక బయటికొచ్చి బావకు ఫోన్ చేశాను.

"బావా, నిజం చెప్పు. ఆ రోజు ఆయన బల్లెక్కినాడా?"

"ఇన్నేండ్లకు ఇదేం కొచ్చెనప్పా... ఎక్కలే."

"టోపీ?"

"ఆయప్పకు టోపీ యాడిది?"

"నా వైపు చూసింది?"

"తలకాయే ఎత్తలే. ఉన్నెంతసేపూ గుండీలే తిప్పె. అద్దాలు పోగొట్టింది నేనైతి. నువ్వేమో కండ్లల్లో నీళ్లు పెట్టుకుని ఊరూరికే అడుగుతాంటివి. అంత దూరం పోయినోనికి గుండీలు తిప్పుతాండాడని ఎన్నిసార్లు సెప్పేది?" అని, కాస్త నొచ్చుకున్నట్టుగా తనే అన్నాడు. "అయినా అంతమంది జనం వచ్చిండ్రి కదా. ఆయప్ప ఒక్కసారన్నా ఎక్కి ఉండల్ల."

నేను రోడ్డు పక్కన నిలబడి ఫోన్ పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. ఊదారంగు మసకకు చేతులెత్తి ఊపిన ఆ ఇరవై ఏళ్ల సోడాబుడ్డి కుర్రవాణ్ణి తలచుకుంటే ముచ్చటేసింది. వాడికి దక్కిన కచేరీ ఇంత మంచి అద్దాలు పెట్టుకున్న నాకు దక్కలేదు. మర్నాడు ఆఫీసులో పక్క సీటు అమ్మాయి, "కచేరీ ఎలా ఉందండీ?" అని అడిగింది. చేతిలో ఉన్న కాఫీ బల్ల మీద పెట్టి, కుర్చీ కొంచెం ఆమె వైపు జరుపుకుని, ఆయన బల్లెక్కాడని చెప్పాను.