ఊరుకోవడం నేర్పిన అత్త

ముంబైలో మాది వరసగా ఒంటిగది ఖోలీలుండే చాల్. అందులో మా పక్క ఖోలీ అత్త మొన్న మంగళవారం పోయింది. కామాటిపుర గల్లీగల్లీకీ ఆ కబురు నేనే చేరవేశాను. బీమా ఏజెంటుని, నోరే నా బతుకు. చెబుతుంటే ఏడుపొచ్చింది, అత్తను తలుచుకుంటే ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది.

చాల్ మొత్తానికీ అత్తే ఆమె. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. దెబ్బ తగిలితే ముందు కట్టు కట్టినట్టు, మనసు చెదిరినవాళ్లకు ముందుగా చేయాల్సిన సాయం ఏమిటో అక్కడే నేర్చుకుంది. ఆదివారం పొద్దున వరండాలో చాప పరిచి మాకు నేర్పేది. ఒకరు తమ కష్టం చెప్పాలి, ఇంకొకరు వినాలి. వినేవాళ్లు మధ్యలో సలహా ఇచ్చారో, కింది నల్లా నుంచి మూడో అంతస్తుకు బకెట్ నీళ్లు మోయాలి. మొదటి వారం నేను పదకొండు బకెట్లు మోశాను. అత్త డ్రమ్ము నిండింది. నీళ్ల కోసమే క్లాసు పెట్టిందని ఆడవాళ్లు ఆటపట్టిస్తే ఆమె కాదనలేదు.

"పక్కన కూసో. విను. మనతోని కాకుంటే డాక్టర్ దగ్గరికి తోల్కపో. గంతే," అనేది.

నేను చేరింది మా అమ్మాయి కోసం. నెల రోజులుగా కాలేజీ నుంచి రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. నేను అడిగినకొద్దీ, ధైర్యం చెప్పినకొద్దీ ఇంకా ముడుచుకుపోయేది. పిల్ల ఏమైపోతుందోనని నాకు అన్నం సహించేది కాదు.

ఓ సాయంత్రం దాని పక్కన ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి, "పప్పా, మధ్యల మాట్లాడవు కదా?" అంది. తల ఊపాను. చెప్పింది. నాలుక చివరికి నలభై సలహాలొచ్చాయి, అన్నీ మింగాను. వాళ్లమ్మ చూస్తుండమన్న పప్పు గ్యాస్ మీద మాడినా లేవలేదు. మర్నాడు ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఇప్పుడది మళ్లీ రోజూ నాతో పోట్లాడుతోంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

డాక్టర్ దగ్గర నుంచి వచ్చిన ఆ రోజే గొప్పగా అత్త ముందు వాలిపోయాను. "అత్తా, ఒక్క మాట మాట్లాడలే. పిల్ల ఏం చెప్పిందంటే..." అన్నానో లేదో, బెండకాయలు కోస్తున్న అత్త లేచి జిగురు చేత్తోనే నా నోరు మూసింది.

"అది నీకు చెప్పిన మాట. నా దాక రావద్దు."

వరండా అంతా నవ్వింది. నా మీసానికంతా జిగురు. అత్త మళ్లీ పీట మీద కూర్చుని బెండకాయలు కోసుకుంది. చాల్‌లో అందరి గోడూ విన్న మనిషి ఆ ఒక్క మాట వినకుండానే వెళ్లిపోయింది.

మీకూ చెప్పను.